లాషిన్ కాళ్ళ కోసం అలాకోల్‌కి

మా స్టేషన్‌లో రైలు దిగిన ప్రతివాడూ ముందు అడిగేది కుల్పాష్ చేసే బౌర్సక్‌ల గురించే. నూనెలో బూరెల్లా పొంగే ఆ రొట్టెముక్కల పొట్లం చేతిలో పడితే గాని జనం బండెక్కరు. గార్డుకి కూడా ఒక పొట్లం అందితేనే పచ్చజెండా ఊపుతాడని మా ఊళ్ళో హాస్యం. వేసవి వచ్చిందంటే అల్మాటీ నుంచి వచ్చే బండ్లన్నీ అలాకోల్‌కి పోయే జనంతో కిక్కిరిసిపోతాయి. గాలి నింపిన టైర్లు, గడ్డి టోపీలు, సంకలో పుచ్చకాయలు. వాళ్ళందరికీ క్యాంటీన్ పొయ్యి దగ్గర నిలబడి కుల్పాష్ వేయించి పెట్టేది.

అలాకోల్ అక్కడికి రెండు గంటల దూరం. పేరుకే అది సరస్సు. ఉప్పు నీళ్ళు, ఎగిసిపడే అలలు, కంటికి ఆనని అవతలి గట్టు. మావాళ్ళు దాన్ని సముద్రమనే అంటారు. ఊరంతా వెళ్ళొచ్చింది. స్టేషన్ మాస్టరు గారి మేక కూడా ఒకసారి పొరపాటున గూడ్సు బండెక్కి వెళ్ళొచ్చిందని చెప్పుకుంటారు. కుల్పాష్ మాత్రం ఆ నీళ్ళలో కాలు పెట్టిన పాపాన పోలేదు.

నోరు లేక కాదు. ఆమె నోటికి ఎదురు నిలిచేవాడు మా స్టేషన్‌లో లేడు. విరిగిన పాలు తెచ్చిన పాలవాణ్ణి ప్లాట్‌ఫారం చివరిదాకా తరిమిన మనిషి. తిట్టమంటే తిడుతుంది, నిలదీయమంటే నిలదీస్తుంది. తనకోసం ఏదైనా అడగాలంటే మాత్రం ఆ నోరే పడిపోతుంది. జీతం పెంచమని అడగలేదు, పొయ్యి పక్కన ఒక ముక్కాలిపీట వేయించమని అడగలేదు. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. కూర్చుంటే లేవాలన్నా, లేస్తే కూర్చోవాలన్నా ఏ బల్ల అంచో, మొగుడి భుజమో ఆసరా కావాలి. అలాకోల్ నల్లబురద పట్టిస్తే మోకాళ్ళు మళ్ళీ వయసులో పడతాయని రైలు దిగినవాళ్ళు ఎందరు చెప్పారో. "ఆహా, అలాగా" అని పొట్లం కట్టి పంపేసేది.

అలాంటిది ఆ ఏడు జూలైలో తిన్నగా క్యాంటీన్ మేనేజరు గదిలోకి వెళ్ళి సెలవు కావాలంది. ఆయన కొత్తగా వచ్చినవాడు. ఎందుకమ్మా అని మర్యాదగానే అడిగాడు.

"లాషిన్‌కి కాళ్ళు పడిపోతున్నాయి. సముద్రానికి తీసుకెళ్ళాలి."

"అయ్యో. లాషిన్ అంటే మీ అత్తగారా?"

"కాదండీ. మా తమ్ముడి కుక్క."

సాయంత్రానికల్లా ఆ మాట స్టేషనంతా పాకింది. కుక్కకి కిటికీ పక్కన సీటు దొరికిందా అని సిగ్నలు దగ్గర ఉండేవాడు అరిచాడు. చలవ కళ్ళద్దాలు కొన్నావా అని టికెట్ల అమ్మాయి అడిగింది. మనుషులకే దిక్కు లేదు, కుక్కకి తీర్థయాత్రా అని మా చిన్నమ్మ మూతి మూడు వంకరలు తిప్పింది. కుల్పాష్ అందరికీ ఒకటే జవాబు చెప్పింది. అది కుక్క కాదు, తాజీ అంది.

మా దేశంలో ఆ ఒక్క మాట చాలు. తాజీ అంటే సన్న నడుము, పొడుగు కాళ్ళు, సిల్కు చెవులున్న వేటకుక్క. మంచి గుర్రాన్నీ, వేట గద్దనీ సంపదగా లెక్కపెట్టే చోట దాన్నీ లెక్కపెడతారు. మిగతా కుక్కలు గడప అవతల పడుకుంటాయి, తాజీ ఒక్కటే లోపలికొచ్చి చలికాలం పిల్లల పక్కన పడుకుంటుంది. లాషిన్ అంటే డేగ. కుల్పాష్ తమ్ముడు కాసెన్ దానికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. వయసులో ఉన్నప్పుడు అది నక్క వెంట పడితే కంటికి కనిపించేది దుమ్మొక్కటే. ఎవరో పెద్దమనిషి జీపు ఇస్తాను కుక్కనియ్యమంటే, జీపుకి పెట్రోలు పొయ్యాలి, దీనికి ఎముక చాలు పొమ్మన్నాడు కాసెన్.

కానీ కుల్పాష్ లాషిన్‌ని నెత్తిన పెట్టుకోవడానికి కారణం నక్కలు కాదు.

మా వైపు బిడ్డ పుడితే మొట్టమొదట తొడిగే చొక్కాని కుక్క చొక్కా అంటారు. నిండు నూరేళ్ళు బతికిన పెద్దవాళ్ళ పాత బట్టతో, అంచు మడవకుండా కుడతారు. నలభై రోజులు నిండగానే అందులో మిఠాయిలు మూటగట్టి, కుక్క మెడకి కట్టి వదిలేస్తారు. ఆడవాళ్ళూ పిల్లలూ గోల చేస్తూ దాని వెంట పడతారు. మిఠాయిలు పిల్లలవి. చొక్కా మాత్రం కడుపు పండని ఆడదానిది. దాన్ని తలగడ కింద పెట్టుకుంటే ఏడాది తిరక్కుండా ఉయ్యాల కడతారని నమ్మకం.

కాసెన్ చిన్నకొడుక్కి నలభై రోజులు నిండేనాటికి కుల్పాష్ పెళ్ళయి పదకొండేళ్ళు. అప్పటికే ఎన్ని చొక్కాల వెంట పరిగెత్తిందో. ఒకసారి గొర్రెల దొడ్లో పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. ఇంకోసారి చొక్కా చేతికి దొరికినట్టే దొరికి పెళ్ళయి ఆర్నెల్లయినా కాని పిల్ల చేతికి పోయింది, ఆ పిల్లకి ఆ ఏడే కవలలు. ఇక చాలు, నవ్వులపాలు కావడం నావల్ల కాదంది కుల్పాష్. ఆ రోజు పెరట్లో పెద్ద బాణలి దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకి బౌర్సక్‌లు వేయిస్తూ ఉండిపోయింది. తల్లి వచ్చి లేవవే అని భుజం పట్టి లాగింది. నూనె మాడిపోతుంది, వెళ్ళమ్మా అంది.

ఆ ఏడాదే కళ్ళు తెరిచిన కూన లాషిన్. మెడకి మూట కట్టి వదలగానే పెరడంతా ఒక చుట్టు చుట్టింది. కంచె దూకింది, గొర్రెల మధ్యలోంచి దూరింది, వెంటపడ్డ ఆడవాళ్ళనందరినీ రొప్పించి వదిలిపెట్టింది. చివరికి తిన్నగా బాణలి దగ్గరికొచ్చి కుల్పాష్ ముందు నిలబడి ఆమె మొహంలోకి చూసింది. పరిగెత్తినవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. "నా దగ్గరికెందుకొచ్చావే సిగ్గు లేనిదానా" అని ఏడుస్తూనే దానికో బౌర్సక్ పెట్టి, మెడలోంచి చొక్కా విప్పుకుంది కుల్పాష్.

మరుసటి ఎండాకాలానికి కూతురు పుట్టింది. కోరిక అని అర్థం వచ్చేలా తిలెక్ అని పేరు పెట్టుకున్నారు. కుక్కకి అన్నీ తెలుసు, దేవుడి ఆజ్ఞ మీద వచ్చిందని ముసలమ్మలంటారు. రొట్టె వాసనకొచ్చింది అని వేటగాళ్ళంటారు. కుల్పాష్‌ని అడిగితే నవ్వేస్తుంది. "రొట్టె కోసమే వచ్చింది. నాకు తెలీదా? అయితే ఏం? వచ్చింది కదా."

ఆ కూతురికిప్పుడు పన్నెండేళ్ళు. ఆ కుక్క ముసలిదైపోయింది. ఆ వసంతంలో దాని వెనక కాళ్ళు పడిపోవడం మొదలైంది. లేవబోయి చతికిలబడుతుంది, నాలుగడుగులు ఈడ్చుకుంటూ వెళ్ళి పడుకుంటుంది. కాసెన్ చెడ్డవాడు కాదు. గుర్రాలు మేపుకునేవాడు, మాట తక్కువవాడు. కానీ తండ్రి దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటుంది అతనికి. లేవలేని వేటకుక్క మంచులో తన కిందే తడుపుకుని పడి ఉండకూడదు, దానికంటే అవమానం లేదు, మొదటి మంచు పడేలోగా యజమాని తన చేత్తోనే తుపాకీ పేల్చాలి. ఆ మాట కుక్క చెవులు నిమురుతూనే చెప్పాడు. కుల్పాష్ విరుచుకుపడింది. కసాయివాడా అంది, గుండె ఉందా నీకు అంది, దాన్ని వదిలెయ్‌రా అంది. అతను తల వంచుకుని విన్నాడు. కుంటి తాజీని, కుంటి గుర్రాన్ని ఒకరికి ఇవ్వడమంటే వాళ్ళ మొహాన ఉమ్మేసినట్టే, మనింటా వంటా లేని పని నాచేత చేయించకు అన్నాడు.

దారి ఒక్కటే ఉంది. మా వాళ్ళలో మేనల్లుడో మేనకోడలో నోరు తెరిచి అడిగితే మేనమామ కాదనకూడదు. గుర్రమడిగితే గుర్రం, గద్దనడిగితే గద్ద. జన్మకి మూడుసార్లు అడగొచ్చు. కాదన్న మేనమామకి చెయ్యి వణికే రోగం వస్తుందంటారు. అయితే ఆ కోరిక పిల్ల నోట్లోంచి దానంతటదే రావాలి. తల్లి నేర్పి అడిగిస్తే చెల్లదు, పైగా తల్లికి తలవంపులు. తిలెక్ ఇంతవరకూ మామని ఏదీ అడగలేదు. ఏమడుగుతుందో మాత్రం లోకమంతటికీ తెలుసు. నుదుటి మీద తెల్లచుక్క ఉన్న ఎర్ర గుర్రప్పిల్ల. కాసెన్ దాన్ని మేనకోడలి కోసమే పెంచుతున్నాడు. సెలవులొస్తే చాలు, తిలెక్ దాని తోక దువ్వుతూ కూర్చునేది. ఏడాదిగా రాత్రి కలల్లో కూడా ఆ పిల్ల దాని మీదే స్వారీ చేస్తోంది.

ఇక కుల్పాష్ ఏం చేస్తుంది? కూతురి కల మీద చెయ్యి వెయ్యలేదు. తమ్ముడి పద్ధతి మార్చలేదు. మిగిలింది బురద. కుక్క లేచి నడిస్తే ఎవడూ తుపాకీ ముట్టడు. అందుకని సెలవులకి దాన్ని నాతో పంపరా అంది. కాసెన్ ఆమెని చాలాసేపు చూసి, తీసుకెళ్ళు, తిరిగి నా చేతికి అప్పజెప్పు అన్నాడు.

ఆమె మొగుడు ఒరిన్‌బెక్ రోడ్లు చదును చేసే బండి నడుపుతాడు. మనిషి ఎంత నెమ్మదస్తుడంటే ఆ బండి కూడా అతనికంటే తొందరగా పలుకుతుంది. కుక్కనా అని ఒక్కసారి అడిగి, తమ పాత జిగూలీ కారు వెనక సీట్లో మందపాటి ఉన్ని నమ్దా పరిచాడు. తిలెక్ ఒళ్ళో తల పెట్టుకుని లాషిన్ దారంతా పడుకుంది. స్టేషన్ దాటుతుంటే జనం చేతులూపారు. కుల్పాష్ మహారాణిలా ముందుకే చూస్తూ కూర్చుంది.

ఒడ్డున రబీగా అనే ఆవిడ బస ఉంది. గోడకి ఈ మూల నుంచి ఆ మూలదాకా బోర్డు: కుక్కలు, పిల్లులు, సొంత స్టవ్వులు నిషిద్ధం.

"బోర్డు కనపడలేదా అమ్మా?" అంది రబీగా, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"కనపడిందండీ. కుక్కలొద్దని రాశారు."

"మరి ఇదేంటి? ఒంటెపిల్లా?"

"తాజీ."

రబీగా నడుం మీద చేతులేసుకుని కారులోకి వంగి చూసింది. లాషిన్ ఆవిణ్ణి చూడలేదు. తాజీలు కొత్తవాళ్ళని చూసి తోక ఊపవు, అదొక టెక్కు. మా నాన్నకీ ఒకటుండేదిలే, ఇలాగే మహా గీర అని గొణిగింది రబీగా. గదుల్లో మాత్రం కుదరదంది, అల్మాటీ వాళ్ళు గొడవ చేస్తారంది. వెనకాల ఎండాకాలం వంటిల్లు ఖాళీగా ఉందట, వంటమనిషి లారీ డ్రైవరుతో లేచిపోయిందట. కుల్పాష్ ఏం పని చేస్తుందో తెలిశాక ఆవిడ గొంతు ఇంకాస్త మెత్తబడింది. పొద్దున్నే నలుగురికీ బౌర్సక్‌లు వేసిపెడితే కుక్క, క్షమించాలి, తాజీ ఆ వంటింట్లో ఉండొచ్చంది. అలా బతుకులో మొదటిసారి సెలవులకొచ్చిన మనిషికి సెలవుల్లోనూ పొయ్యి తప్పలేదు. ఇదే నా నుదుటిరాత అని తిట్టుకుంటూ పిండి కలిపింది.

పొద్దుటి వంట ముగియగానే రబీగా ఇచ్చిన బొగ్గు తోపుడుబండిలో లాషిన్‌ని పడుకోబెట్టి బురద దగ్గరికి తోసుకెళ్ళేవాళ్ళు. నల్లటి బురద, కుళ్ళిన గుడ్డు వాసన. అందులో సగం దేశం నల్లగా పూసుకుని బొమ్మల్లా ఎండలో కూర్చుని ఉంటుంది. లాషిన్‌కి అది నచ్చలేదు. ఒంటరిగా పడుకోబెడితే ముందు కాళ్ళతో ఈడ్చుకుని పారిపోతుంది. పక్కన కుల్పాష్ కూర్చుని పట్టుకుంటే మాత్రం ఓర్చుకుంటుంది. దాంతో ఆమెకి పావడా పైకి దోపి, ఒరిన్‌బెక్ భుజం పట్టుకుని మెల్లగా దిగి, నడుందాకా ఆ బురదలో కూర్చోక తప్పలేదు. కుక్క నడుముకి బురద పట్టించడం, ఎండాక కడగడం, మళ్ళీ పట్టించడం. తన ఒంటి నిండా ఏం అంటిందో చూసుకునే తీరిక ఆమెకెక్కడిది?

అల్మాటీ నుంచి వచ్చిన బట్టతలాయన ఒకడు మొదటి రోజే లేచాడు. మనుషులు కూర్చునే బురదలో కుక్కని పెడతారా, ఆరోగ్యశాఖకి చెప్తానన్నాడు.

"బురదకి లేని పట్టింపు నీకెందుకు బాబూ?" అంది కుల్పాష్. "నీ పక్కన కూర్చోవడానికి అదేమన్నా పేచీ పెట్టిందా?"

చుట్టూ ఉన్న నల్లబొమ్మలన్నీ పళ్ళు బయటపెట్టి నవ్వాయి. ఆయనకీ నవ్వక తప్పలేదు. నాలుగు రోజులు పోయాక ఆ బట్టతలాయనే పొద్దున్నే ఎదురొచ్చి, మన పేషెంటుకి ఎలా ఉంది, వెనక కాలు కదిలిందా అని అడగసాగాడు. నడుం నొప్పి ఉన్న ఒక ముసలావిడైతే లాషిన్ పక్కనే చోటు కావాలని పట్టుబట్టేది. తాజీ ఎంచుకున్న చోట బురద మంచిదని ఆవిడ వాదన.

బురద కడుక్కోవడానికి నీళ్ళలో దిగాలి. మొదటి రోజు కుల్పాష్ గట్టునే నిలబడిపోయింది. నల్లటి గులకరాళ్ళ మీదికి అల వచ్చి ఆమె పాదాలు తడిపి వెనక్కి పోయింది. వంగి దోసిలితో మొహాన చల్లుకుంది, చల్లగా ఉంది, ఉప్పగా ఉంది. ఎన్ని రైళ్ళ జనాన్ని ఈ నీళ్ళలోకి సాగనంపింది తను? కుక్క కాళ్ళు పడిపోకపోతే ఈ ఒడ్డుకి వచ్చి ఉండేది కాదన్న సంగతి అప్పుడు తట్టింది ఆమెకి. ఏడుపొచ్చింది. ఉప్పునీళ్ళలో ఎవరు ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది, కరువుతీరా ఏడ్చింది. తర్వాత తన శాలువా కుక్క కడుపు కింద వేసి, రెండు కొసలూ తనూ తిలెక్కూ పట్టుకుని నీళ్ళలోకి నడిపించారు. లోతుకి వెళ్ళేసరికి లాషిన్ వెనక కాళ్ళు ఆడాయి. తిలెక్ కెవ్వున అరిచింది. ఈదుతోంది, అమ్మా, నాలుగు కాళ్ళతోనూ ఈదుతోంది అని ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ వినిపించేలా చెప్పింది.

నీళ్ళలో నాలుగు కాళ్ళు, గట్టు మీద రెండే. అదీ బాధ. రోజులు గడిచేకొద్దీ లాషిన్ గోడకి ఆనుకుని కాసేపు నిలబడగలిగేది, మళ్ళీ కూలబడేది. ఒక్క అడుగు తనంతట తాను వెయ్యలేదు. కుల్పాష్ బురద ఇంకాస్త మందంగా పట్టించేది. దేవుడికి లోపల్లోపల మొక్కుకునేది. పోయిన తండ్రి ఆత్మ కాగిన నూనె వాసనకి తృప్తిపడి దీవిస్తుందని బౌర్సక్‌లు వేయించి పంచింది. చూస్తూండగానే, రేపు కాసెన్ వస్తాడనే రోజు వచ్చింది. సెలవులకి వచ్చినవాళ్ళకి గుర్రప్పాలు అమ్ముకోవడానికి అతను ఏటా ఆ రోజుల్లో ఒడ్డుకి దిగుతాడు. వెళ్ళేటప్పుడు కుక్కని తనతో తీసుకెళ్తాడు.

ఆ సాయంత్రం తిలెక్ కుక్క చెవులు నిమురుతూ అడిగింది. "మామయ్య దీన్ని మళ్ళీ కొండల్లోకి తీసుకెళ్తాడా అమ్మా? చలికాలం ఏం చేస్తుంది అక్కడ?"

అన్నాళ్ళూ ఆ సంగతి పిల్ల చెవిన పడకుండా దాచారు. అబద్ధం చెప్పడానికి కుల్పాష్ నోరు తెరిచింది. కానీ అబద్ధం నోట రాలేదు. మామయ్య మంచు పడేలోగా దీన్ని బాధలేకుండా పంపించేస్తాడు తల్లీ అంది. అంతే అంది, ఇంకొక్క మాట కూడా అనలేదు. తిలెక్ ఏడవలేదు. చాప తెచ్చుకుని వంటింట్లో కుక్క పక్కనే పడుకుంది.

మర్నాడు కాసెన్ వచ్చాడు. ముందు పాడి గుర్రాలు, వెనక ఎర్ర తాడు కట్టిన గుర్రప్పిల్ల. దాని తోక దువ్వి, మెడకి కొత్త గంట కట్టాడు. రబీగా పెరట్లో భోజనాల గుడ్డ పరిచారు. టీ, పొగబెట్టిన చేప, కుప్పగా బౌర్సక్‌లు. పలకరింపులయ్యాక కాసెన్ బసలో ఉన్నవాళ్ళందరినీ పిలిచి కూర్చోబెట్టాడు. నా మేనకోడలికి ఇవాళ నన్నడిగే హక్కుంది, మీరంతా సాక్షులు అన్నాడు. మాటలు గట్టిగానే ఉన్నాయి గాని, అతని కళ్ళు మాత్రం మాటిమాటికీ గోడవార పడుకున్న లాషిన్ మీదికి పోతున్నాయి.

తిలెక్ ముందు గుర్రప్పిల్ల దగ్గరికే వెళ్ళింది. దాని మెడ కౌగిలించుకుని, జూలులో మొహం దాచుకుని చాలాసేపు నిలబడింది. కుల్పాష్ తల దించుకుంది. అడుగు తల్లీ, అది నీదే, నిన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు అనుకుంది. పిల్ల గుర్రాన్ని వదిలి మామ ముందుకొచ్చి నిలబడింది. ముక్కు ఎర్రగా ఉంది.

"మామయ్యా, నాకు లాషిన్ కావాలి."

కాసెన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఏం కావాలి?"

"లాషిన్. నాకిచ్చెయ్యి."

కాసెన్ అక్క వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు నేర్పావా?"

"లేదురా."

"అయితే రొట్టె పట్టుకుని చెప్పు."

ఒరిన్‌బెక్ కూడా ఉలిక్కిపడ్డాడు. మా వాళ్ళలో దానికి మించిన ఒట్టు లేదు. అబద్ధమాడితే ఆ రొట్టే కొడుతుందంటారు. బతుకంతా పిండిలో చేతులు పెట్టి బతికిన కుల్పాష్ ఏనాడూ రొట్టె మీద ఒట్టేసి ఎరగదు. గుడ్డ మీంచి ఒక బౌర్సక్ తీసుకుంది.

"అడగమని నేను చెప్పలేదు. ఈ రొట్టె సాక్షి. కానీ అడిగితే బావుండునని రోజూ అనుకున్నాను, అదీ దాచను. రాత్రి ఇది నన్నడిగింది, దీన్నేం చేస్తారని. నువ్వేం చెయ్యబోతున్నావో చెప్పాను. నిజం చెప్పడం నేర్పడమే అయితే, నేర్పాను. అప్పుడు నీ ఇష్టం, చెల్లదను."

కాసెన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"చెల్లుతుంది" అన్నాడు. "చెల్లాలనే ఒట్టు వేయించాను. రేపు మన ఊళ్ళో ఎవడూ దీన్ని కాదని అనకూడదు." గొంతు సవరించుకున్నాడు. "కుంటి కుక్కని నేనై ఎవరికీ ఇవ్వకూడదు కదక్కా. ఎవరో ఒకరు అడగాలి. వసంతం నుంచి చూస్తున్నాను, ఒక్కడూ అడగడే. నువ్వొచ్చావు, అమ్మయ్య అనుకున్నాను. కసాయివాడన్నావు, వదిలెయ్ అన్నావు, అన్నీ అన్నావు. నాకియ్యరా అని మాత్రం అనలేదు."

కుల్పాష్ చేతిలోని రొట్టె వంక చూసుకుంది. నిజమే. తిట్టింది గాని అడగలేదు.

"ఈ జన్మలో నువ్వడగవని తెలుసు. అందుకే పిల్లతో పాటు పంపాను. పది రోజులు పక్కన ఉంటే అదన్నా నోరు తెరుస్తుందేమోనని." లేచి వెళ్ళి లాషిన్ మెడపట్టీ విప్పి, రెండు చేతులతో మేనకోడలికి అందించాడు. మీ ఇంట దీని అడుగు చల్లగా ఉండాలి అన్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఇంకా రెండుసార్లు అడగొచ్చు నువ్వు" అన్నాడు.

తిలెక్ చప్పున గుర్రప్పిల్ల వైపు చూసి నోరు తెరిచింది.

"ఇవాళ కాదు తల్లీ" అన్నాడు కాసెన్. "ఒక్క రోజులో రెండూ ఇచ్చేస్తే మీ అత్త నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. వచ్చే ఏడు అడుగు."

అందరూ ఒక్కసారిగా నవ్వారు. బట్టతలాయన ముక్కు చీదుకుంటూ నవ్వాడు. కుల్పాష్ మాత్రం ఒట్టు వేసిన బౌర్సక్ ఇంకా చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఒట్టు రొట్టె తిరిగి గుడ్డ మీద పెట్టకూడదు. ఎంతసేపు పట్టుకుంటావు, తినెయ్ అన్నాడు ఒరిన్‌బెక్.

గోడవార లాషిన్ తల ఎత్తింది. ముక్కు పుటాలు కదిలాయి. ముందు కాళ్ళు ఆన్చింది. వెనక కాళ్ళు వణుకుతూ మడతలు విప్పుకున్నాయి. గోడని వదిలింది. ఒక అడుగు, ఇంకో అడుగు, ఇంకొకటి. సగం దూరం వచ్చి ఆగింది. నడుము ఊగుతోంది, పడిపోయేలా ఉంది, అయినా పడకుండా నిలబడి కుల్పాష్ మొహంలోకే చూస్తోంది.

ఆనాడు బాణలి దాకా అంత దూరమూ అదే వచ్చింది. ఈసారి మిగిలిన దూరం కుల్పాష్ నడిచింది. లేచి, గబగబా వెళ్ళి దాని ముందు కూర్చుని, దాని మెడ చుట్టూ చెయ్యి వేసి రొట్టె నోటికందించింది. నా తల్లే, నీ రుణం ఎలా తీర్చుకోనే అని పైకే అంది. లాషిన్ ఆ మాట పట్టించుకోకుండా బౌర్సక్ నమిలింది.

"ఏమే" అన్నాడు ఒరిన్‌బెక్ వెనక నుంచి, తన భుజం తడుముకుంటూ. "నువ్వు నన్ను పట్టుకోకుండా లేచావు."

కుల్పాష్ తన మోకాళ్ళ వంక చూసుకుంది. గోళ్ళలో, పాదాల పగుళ్ళలో ఇంకా అలాకోల్ బురద నల్లగా ఉంది.

"రొట్టె కోసమే లేచిందక్కా అది" అన్నాడు కాసెన్.

"నాకు తెలీదా?" అంది కుల్పాష్. లేచి వెళ్ళి గుడ్డ మీంచి ఇంకొకటి తెచ్చి పెట్టింది.